సబ్బు పెడితే ఎర్రబడిన మరక: వంటింటి ఆమ్ల, క్షారాల డైరీ

మొదటి రోజు, శనివారం

దీనికంతటికీ కారణం నా తెల్ల చొక్కా. జేబు కింద బొటనవేలంత పసుపు మరక పడింది. సబ్బు రాసి, రెండు నిమిషాలు నాననిద్దామని వదిలేసి వచ్చేసరికి పచ్చటి మరక కాస్తా ఇటుక రంగుకి తిరిగింది. పక్కనే నిలబడి చూస్తున్న మా అమ్మాయి, "నాన్నా, రక్తం కారినట్టుంది. సబ్బు పెడితే పోవాలి కదా?" అంది. తను ఏడో తరగతి. ఆమ్లాలు, క్షారాల పాఠం ఈ మధ్యే అయిపోయింది. అందులో పసుపు కాగితం సంగతి ఉంది, పరీక్షలో రాసింది కూడా. కానీ పుస్తకంలోని పసుపూ చొక్కా మీది పసుపూ ఒకటేనని ఆ క్షణం దాకా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నిమ్మచెక్క తెచ్చి మరక మీద పిండాను. మళ్ళీ పచ్చగా అయిపోయింది. సబ్బు రాస్తే ఎరుపు, నిమ్మరసం పిండితే పసుపు. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాం. చొక్కా సంగతి తర్వాత చూద్దామని పక్కన పడేసి నోట్‌బుక్ తీశాం.

రెండు షరతులు పెట్టుకున్నాం. బాత్రూమ్ శుభ్రం చేసే ద్రావణాలు, బ్లీచ్, డ్రెయిన్ క్లీనర్ వీటి జోలికి పోకూడదు. బ్లీచ్‌లో వెనిగర్ లాంటి ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. పైగా బ్లీచ్ మన రంగునే చంపేస్తుంది కాబట్టి దాన్ని పరీక్షించి తెలుసుకునేది కూడా ఏమీ ఉండదు. రెండోది, ప్రయోగానికి వాడిన గిన్నెలోది ఏదీ నోట్లో పెట్టకూడదు, అది నిమ్మరసమైనా సరే.

రెండో రోజు, ఆదివారం

పసుపు పట్టీలు చేశాం. మొదట చెంచాడు పసుపు గ్లాసు నీళ్లలో కలిపితే పది నిమిషాల్లో అంతా అడుక్కి దిగిపోయింది. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. మందుల పెట్టెలో ఉన్న రబ్బింగ్ ఆల్కహాల్ రెండు చెంచాల్లో అర చెంచా పసుపు వేసి, కదిపి, పైకి తేలిన పచ్చటి ద్రవంలో కాఫీ ఫిల్టర్ పేపర్ ముంచి ఆరేశాం. అది ఇట్టే అంటుకునే ద్రవం, పొయ్యి ఉన్న గదిలో వద్దని ఈ ఒక్క పనికి వంటింట్లోంచి బయటికి వచ్చాం. పట్టీలు ఐదు నిమిషాల్లో ఆరిపోయాయి.

సబ్బు నీళ్లు వేస్తే ముదురు ఎరుపు. వంటసోడా నీళ్లు వేస్తే మాత్రం ఎరుపు కాదు, మాసిన నారింజ రంగు. మా అమ్మాయి సోడా ఇంకా రెండు చెంచాలు కలిపి చూసింది. అదే నారింజ. నిమ్మరసం, వెనిగర్, ఉప్పునీళ్లు, పంచదార నీళ్లు, పాలు, మామూలు నీళ్లు, వీటన్నిటికీ పట్టీ పచ్చగానే ఉంది.

"అయితే నిమ్మరసమూ నీళ్లూ ఒకటేనా?" అంది.

ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాం. పీహెచ్ అంటే ద్రవం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పసుపు రంగు మారేది పీహెచ్ సుమారు 7.4కీ 8.6కీ మధ్య. దాని కింద ఏముందో దానికి అనవసరం. నిమ్మరసం 2 దగ్గర ఉన్నా, పాలు 6.6 దగ్గర ఉన్నా పసుపుకి రెండూ ఒకటే. వంటసోడా నీళ్ల పీహెచ్ సుమారు 8.3, అంటే పసుపు మారడం మొదలుపెట్టి ఇంకా పూర్తి చేయని చోట ఉంది. అందుకే ఆ నారింజ. సోడా ఎక్కువ వేసినా ఆ అంకె పెద్దగా కదలదు కాబట్టి రంగూ కదల్లేదు. సబ్బు నీళ్లు 9 నుంచి 10 దాకా ఉంటాయి, గీత దాటేశాయి.

నోట్‌బుక్‌లో మా అమ్మాయి రాసుకున్న వాక్యం: "పసుపుకి ఒక్క ప్రశ్నే వచ్చు."

నాలుగో రోజు, మంగళవారం

ఎన్నో ప్రశ్నలు వచ్చినది కావాలంటే ఊదారంగు క్యాబేజీ కావాలి. దీన్ని రెడ్ క్యాబేజీ అంటారు గానీ ఎరుపు ఎక్కడా కనపడదు. పావు వంతు తరిగి, స్టీలు గిన్నెలో మునిగేంత నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి, చల్లారాక వడకట్టాను. అల్యూమినియం, ఇనుము గిన్నెలు వాడకూడదని ముందే తెలుసు. ఆ లోహాల అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఈ రంగును పట్టుకుని నీలం వైపు లాగుతాయి.

అయినా మొదటి దఫా నీలంగానే వచ్చింది. ఊదా రావాల్సిన చోట ముదురు నీలం. ఆమ్లమో క్షారమో ఇంకా ఏదీ కలపనేలేదు. క్యాబేజీని అనుమానించాను, గిన్నె సరిగ్గా కడగలేదేమోనని సబ్బును అనుమానించాను. చివరికి దొరికింది నీళ్ల దగ్గర. మా కుళాయి నీళ్లు కఠిన జలం, కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది. అందులోని బైకార్బనేట్లు నీళ్లను క్షారం వైపు కొద్దిగా నెడతాయి, మరిగిస్తే ఇంకాస్త నెడతాయి. రెండో దఫా డిస్టిల్డ్ వాటర్‌తో మరిగిస్తే చక్కటి వంగపండు రంగు వచ్చింది. అంటే మొదటి దఫా చెడిపోలేదు, నేనడగని ప్రశ్నకు జవాబు చెప్పింది.

వంటింటి నిండా ఉడికిన క్యాబేజీ వాసన. ఆ వాసన గంధకం ఉన్న పదార్థాలది. కిటికీలన్నీ తీసినా రాత్రి దాకా పోలేదు, ఇంట్లో మిగతా వాళ్ల అభిప్రాయాలు ఇక్కడ రాయడం లేదు.

ఈ రంగు పేరు ఆంథోసయనిన్. మందార పూలలో, నేరేడు పళ్లలో, ద్రాక్ష తొక్కలో ఉండేదీ ఈ కుటుంబమే. ఆమ్లం నీళ్లలోకి వదిలే హైడ్రోజన్ అయాన్లు ఎక్కువున్నప్పుడు దాని అణువు ఒక రూపంలో ఉంటుంది, అవి తగ్గేకొద్దీ వేరే వేరే రూపాల్లోకి మారుతుంది, ఒక్కో రూపం కాంతిలో ఒక్కో భాగాన్ని పీల్చుకుంటుంది. పూల రంగుతో ఆమ్లాన్ని, క్షారాన్ని వేరుచేయడం కొత్తేమీ కాదు. రాబర్ట్ బాయిల్ 1664లో అచ్చయిన పుస్తకంలోనే వయొలెట్ పూల పాకం ఆమ్లంతో ఎర్రగా, క్షారంతో ఆకుపచ్చగా మారుతుందని రాశాడు. పీహెచ్ అనే అంకె వచ్చింది మాత్రం చాలా తర్వాత, 1909లో. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ దాన్ని తెచ్చాడు. అంటే దాదాపు రెండున్నర శతాబ్దాలు మనుషులు అంకె లేకుండా రంగుతోనే నెట్టుకొచ్చారు. మేమూ అదే చేస్తున్నాం.

ఐదో రోజు

క్యాబేజీ పట్టీలు చేద్దామని ప్రింటర్ కాగితం కత్తిరించి రసంలో ముంచాను. ఫిల్టర్ పేపర్ అయిపోయింది, కాగితం కాగితమే కదా అనుకున్నాను. ఆరేసరికి అన్నీ నీలం.

ఈసారి నీళ్ల తప్పు కాదు, అదే రసం గాజు గ్లాసులో వంగపండు రంగులోనే ఉంది. ఒక తెల్ల కాగితం ముక్కను వెనిగర్‌లో వేసి భూతద్దం పట్టుకుని చూస్తే సన్నని బుడగలు. ఇప్పటి ప్రింటింగ్ కాగితాల్లో తెల్లదనం కోసం, చవకగా ఉండటం కోసం కాల్షియం కార్బనేట్ కలుపుతారు. అంటే సుద్ద. నేను సుద్ద మీద ఆమ్ల పరీక్ష పట్టీలు చేస్తున్నానన్నమాట. పట్టీల పని ఆపేసి రసాన్నే వాడదామనుకున్నాం. నిజానికి అదే మేలు. పలచటి కాగితం మీద కంటే గ్లాసులో రంగు తేడాలు బాగా తెలుస్తాయి.

ఆరో రోజు, గురువారం సాయంత్రం

పన్నెండు చిన్న గాజు గ్లాసులు, వెనక తెల్ల కాగితం, కిటికీ వెలుతురు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల రసం, ఒక చెంచా పరీక్షించే ద్రవం. ఒక గ్లాసులో మాత్రం డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. అది లేకపోతే "మారింది" అనడానికి దేనితో పోల్చాలి?

రంగుల పేర్ల దగ్గర గొడవ మొదలైంది. నేను ఊదా అన్నది తనకి నీలం. తను పింక్ అన్నది నాకు ఎరుపు. చివరికి పేర్లన్నీ మానేసి వస్తువుల పేర్లు పెట్టుకున్నాం: దానిమ్మ గింజ, గులాబీ, వంగపండు, సిరా, నెమలిపించం, చిలకపచ్చ. అప్పటి నుంచి ఒక్క గొడవ లేదు.

నిమ్మరసం దానిమ్మ గింజ. వెనిగర్ దాదాపు అదే, కొంచెం పలచగా. పెరుగు మీది తేట గులాబీ. ఉప్పునీళ్లు, పంచదార నీళ్లు వంగపండు, అంటే ఏ మార్పూ లేదు. వంటసోడా సిరా. సబ్బు నీళ్లు నెమలిపించం. పాలు మాత్రం ఇబ్బంది పెట్టాయి. తెల్లటి దాంట్లో ఏ రంగు పడినా వెలిసిపోయినట్టే కనిపిస్తుంది, లేత వంగపండు అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాం.

అప్పుడే సీసా మూత తీసిన సోడా నీళ్లు వంగపండుకీ గులాబీకీ మధ్య. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కార్బానిక్ ఆమ్లం అవుతుంది కదా. అదే గ్లాసును రాత్రంతా మూత లేకుండా ఉంచితే పొద్దుటికి బుడగలన్నీ పోయి వంగపండు వైపు వచ్చేసింది. మేమేమీ కలపలేదు, గాలిలోకి పోవాల్సింది పోయిందంతే.

ఈ వరసలో నాకు బాగా నచ్చింది కోడిగుడ్డు తెల్లసొన. తినేవాటిలో క్షారం అరుదు, వంటసోడాను వదిలేస్తే వంటింట్లో దాదాపు అన్నీ ఆమ్లాలే. తెల్లసొన మాత్రం క్షారం. రసం వేసి కలిపితే నెమలిపించం నీలం వచ్చింది. గుడ్డు పెట్టిన కొత్తలో తెల్లసొన పీహెచ్ 7.6 దగ్గర ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి 9 దాటుతుంది. సోడా గ్లాసులో రాత్రి జరిగిందీ ఇదే కథ. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, "అయితే గుడ్డు కూడా గ్యాస్ పోయిన సోడానే" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఎనిమిదో రోజు

ఫ్రిజ్ తెరిస్తే దుర్వాసన. మిగిలిన రసం పారబోశాను. కొత్తగా కాచింది ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి పెట్టాను, మీద పెద్ద అక్షరాలతో "తాగొద్దు" అని చీటీ.

తొమ్మిదో రోజు, ఆదివారం

వంటసోడాను వేయించాం. ఓవెన్ ట్రేలో 50 గ్రాములు పలచగా పరిచి 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాం. తీసి, చల్లారాక తూస్తే 32 గ్రాములు. చూడటానికి అదే తెల్ల పొడి, చెంచాడు కూడా మాడలేదు, ట్రేలోంచి ఎక్కడా ఒలకలేదు. మరి 18 గ్రాములు ఏమయ్యాయి?

వేడికి సోడియం బైకార్బనేట్ విడిపోయి సోడియం కార్బనేట్ అవుతుంది, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతాయి. లెక్క ప్రకారం 168 గ్రాములకు 106 మిగలాలి, అంటే 50కి 31.5. మా తూకం గ్రాము కంటే తక్కువ చూపించదు కాబట్టి 32 అంటే సరిగ్గా వచ్చినట్టే. మిగిలింది వాషింగ్ సోడా అన్నమాట. ఇది వంటలో వేసేది కాదు, చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని చిటికెడు నీళ్లలో కలిపి రసం పోస్తే చిలకపచ్చ. పక్కన వేయించని సోడా సిరా రంగులో ఉంది. పీహెచ్‌లో ఒకటి 8.3 దగ్గర, ఇంకొకటి 11 దాటి. పీహెచ్‌లో ఒక్కో అంకెకు పది రెట్ల తేడా, కాబట్టి మూడు అంకెలంటే వెయ్యి రెట్లు. పసుపు పట్టీ కూడా ఈసారి నారింజ దగ్గర ఆగలేదు, నేరుగా ముదురు ఎరుపు.

మిగిలిన పొడిని సీసాలో పోసి వంటసోడాకి దూరంగా, బట్టల సబ్బుల అరలో పెట్టాను. చీటీ అంటించకపోతే ఈ రెండింటినీ కంటితో ఎవరూ పోల్చలేరు.

పన్నెండో రోజు, బుధవారం

ఇప్పటిదాకా అడిగింది ఒక్కటే: ఎంత పుల్లన? ఇవాళ మా అమ్మాయి వేరే ప్రశ్న అడిగింది. వెనిగర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో పది రెట్లు పలచన చేసి రసం పోసింది. రంగు పెద్దగా మారలేదు, కాస్త గులాబీ వైపు అంతే. "నాన్నా, పదో వంతే ఉంది కదా, రంగు కూడా అంత తగ్గాలి కదా?"

వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం. దానిలో చాలా భాగం విడిపోకుండా అలాగే ఉంటుంది. నీళ్లు పోసేకొద్దీ ఇంకాస్త భాగం విడిపోతుంది, అందుకే పది రెట్లు పలచన చేసినా పీహెచ్ అర అంకె మాత్రమే పెరుగుతుంది. రంగు చూపేది విడిపోయిన హైడ్రోజన్ అయాన్లను మాత్రమే. సీసాలో మొత్తం ఆమ్లం ఎంతుందో రంగుకి తెలియదు. అది తెలియాలంటే క్షారం పోస్తూ లెక్కపెట్టాలి.

లెక్క పెట్టాం. 42 గ్రాముల వంటసోడా తూచి, నీళ్లతో కలిపి సరిగ్గా అర లీటరు చేశాం. 42 ఎందుకంటే వంటసోడా ఒక మోల్ (అణువులను లెక్కపెట్టే కొలత) 84 గ్రాములు, అర లీటరుకి 42 వేస్తే ఒక మోలార్ ద్రావణం, అంటే లీటరుకి ఒక మోల్. 100 మిల్లీలీటర్లకి 8.4 తూచవచ్చు, కానీ మా తూకం దశాంశాలు చూపించదు. ఇలా చేస్తే ఒక మిల్లీలీటరు వంటసోడా నీళ్లకి 0.06 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం సరిపోతుంది. సూది లేని సిరంజీతో 10 మిల్లీలీటర్ల వెనిగర్ తీసి, రసం వేసి, సోడా నీళ్లు కొంచెం కొంచెంగా వదిలాం. బుసబుసమని నురగ. గ్లాసు పెద్దది తీసుకోవాల్సింది, మొదటిసారి పొంగి బల్ల మీద పడింది.

రెండోసారి సరిగ్గా చేశాం. సిరా రంగు వచ్చి నిలబడేసరికి 9.8 మిల్లీలీటర్లు పట్టింది. లెక్క వేస్తే 5.9 శాతం. సీసా మీద 5 శాతం అని ఉంది. సీసా అబద్ధం చెబుతోందని మా అమ్మాయికి భలే సంబరం.

నాకు నమ్మకం కలగలేదు. గ్లాసులో ఇంకా సన్నని బుడగలు లేస్తున్నాయి. అంటే చర్యలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంత నీళ్లలోనే ఉండిపోయి, అది కూడా ఆమ్లంలా రంగును వెనక్కి లాగుతోంది. ఎసిటిక్ ఆమ్లం ఎప్పుడో అయిపోయింది, మేము బుడగలతో పోట్లాడుతూ సోడా పోస్తున్నాం. మూడోసారి వంగపండు రంగు రాగానే ఆగి, గ్లాసును వేడినీళ్ల గిన్నెలో పెట్టి కదిపాం. చుక్క సోడా వేయకుండానే రంగు సిరా వైపు జరగడం ఇద్దరం కళ్లారా చూశాం. ఆ తర్వాత ప్రతి నాలుగు చుక్కలకీ ఒకసారి వెచ్చబెట్టడం, చూడటం. ఇలా వెచ్చబెడుతూ చేసిన మూడుసార్లలో వచ్చిన అంకెలు 8.4, 8.4, 8.8. సగటు తీస్తే 5.1 శాతం.

"అయితే సీసా నిజమే చెప్పింది" అంది, కొంచెం నిరుత్సాహంగా.

నిమ్మరసానికి కూడా దాదాపు అంతే పట్టింది, 8 మిల్లీలీటర్లకి అటూ ఇటూ. దాని అసలు రంగే పచ్చగా ఉండటంతో ఎక్కడ ఆపాలో కచ్చితంగా తేలలేదు, అందుకే శాతం లెక్క కట్టలేదు. అయినా ఒకటి కనిపించింది. మొదటి వరసలో నిమ్మరసం వెనిగర్ కంటే ఎర్రగా ఉంది, తీరా సోడా పోస్తే రెండింటికీ ఆకలి దాదాపు సమానం.

పదిహేనో రోజు, శనివారం

పసుపు పట్టీలతో ఇంకో పని ఉండి వెతికితే, కిటికీ గట్టు మీద నోట్‌బుక్ కింద సగం ఇరుక్కుని దొరికాయి. పుస్తకం కింద ఉన్న సగం పచ్చగా ఉంది. ఎండ తగిలిన సగం దాదాపు తెల్ల కాగితం. గీత గీసినట్టు మధ్యలో అంచు. ఆ తెల్ల సగం మీద సబ్బు నీళ్లు వేస్తే ఎరుపు రాలేదు, ఏదో లేత గోధుమ మరక మాత్రమే.

కర్కుమిన్‌ను వెలుతురు విరగ్గొడుతుందని చదివాను గానీ ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఇద్దరికీ ఒకేసారి చొక్కా గుర్తొచ్చింది. రెండు వారాలుగా బకెట్ పక్కన ఉండచుట్టి పడి ఉన్న దాన్ని తీసి, నిమ్మరసం వాసన పోయేదాకా జాడించి, మరక మీద ఇంకోసారి సబ్బు పెట్టి ఉతికి, మరక ఉన్న వైపు ఎండకు తిప్పి ఆరేశాం. మధ్యాహ్నానికి లేత పసుపు. సాయంత్రం తీసేటప్పుడు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

మా అమ్మాయి డ్రాపర్‌తో సబ్బు నీళ్లు తెచ్చి జేబు కింద ఒక చుక్క వేసింది. చాలా లేతగా, ఉందా లేదా అన్నంత గులాబీ. "ఇంకో రోజు ఆరేద్దాం" అంది.